ఎర్ర తాడు, నీలం తాడు

గంధవరం రాజావారు సింహాసనం పక్కనున్న జరీ తాడు ఒకసారి లాగితే కొలువుకూటం చల్లబడేది, రెండుసార్లు లాగితే వెచ్చబడేది. ఆ తాడు గోడ అవతల ఎక్కడికి పోతుందో ఆయన ఏనాడూ అడగలేదు. రాజులు అలాంటివి అడగరు.

ఒక ఫాల్గుణ మాసంలో ఆయనకో కోరిక పుట్టింది. తన పేరు మీద కట్టించిన కాలేజీలో కూడా ప్రతి గదీ కొలువుకూటంలాగే హాయిగా ఉండాలన్నారు. ఒక్క ఫిర్యాదు కూడా తన చెవిన పడకూడదన్నారు.

ఆ పని చూసేది చెంచయ్య. రాజభవనంలోనూ కాలేజీలోనూ పంకాలు లాగించడం, కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టించి నీళ్లు చల్లించడం, చలికాలంలో కుంపట్లు పెట్టించడం అతని ఉద్యోగం. నోరు కాస్త పెద్దదే గాని పని తెలిసినవాడు. అయితే ఫాల్గుణం ఎవరికీ లొంగే నెల కాదు. పొద్దున కుంపటి కావాలి, మధ్యాహ్నానికి తడిక కావాలి. పైగా తర్కం చెప్పే ఆచార్యులకు ఉక్కపోసే గదిలోనే వ్యాకరణం చెప్పే ఆచార్యులు శాలువా కప్పుకుంటారు. ఒకరు తడిక దింపమంటే మరొకరు ఎత్తమంటారు. చెంచయ్య మనుషులు రోజంతా వరండాల్లో పరుగులు తీసి, చివరికి ఎవరి చేతా మంచి అనిపించుకోలేక ఇళ్లకు పోయేవారు.

అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు ప్రధానాచార్యులు శార్ఙ్గపాణి శాస్త్రిగారివి. తన ఒళ్లు అందరి ఒళ్లు లాంటిది కాదనీ, గాలిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుందనీ చెప్పుకునేవారు. ఆయనకొక బావమరిది ఉన్నాడు. బావమరిదికి ఉద్యోగం లేదు. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే ఫిర్యాదులు ఎందుకు పెరిగాయో ఎవరికైనా బోధపడుతుంది, ఒక్క రాజావారికి తప్ప.

శాస్త్రిగారు కొలువుకు వెళ్లి, చెంచయ్యకు చలికీ వేడికీ తేడా తెలియదనీ, ఆ పని తన బావమరిదికి అప్పగిస్తే కాలేజీ స్వర్గమైపోతుందనీ విన్నవించారు. రాజావారు చెంచయ్యను పిలిపించారు.

"ఉగాదికి నేనే కాలేజీకి వస్తాను. ఆ రోజు ఒక్కరు ఫిర్యాదు చేసినా నీ ఉద్యోగం శాస్త్రిగారి బావమరిదిది. నువ్వూ నీ మనుషులూ మూటాముల్లె సర్దుకోండి."

చెంచయ్యకు నిజంగానే భయం వేసింది. పంకాలు లాగే కుటుంబాలన్నీ అతన్ని నమ్ముకునే బతుకుతున్నాయి. మర్నాడు పొద్దున్నే మాత్రం వెళ్లి రంగులద్దేవాడి గుమ్మంలో నిలబడ్డాడు.

వారం తిరక్కుండా ప్రతి గదిలోనూ ఆచార్యుల పీటల పక్కన రెండేసి పట్టుతాళ్లు వేలాడాయి. గోడకున్న కన్నాల్లోంచి అవతలికి పోతున్నాయి. వెచ్చగా కావాలంటే ఎర్రది లాగాలి, చల్లగా కావాలంటే నీలంది. ఆచార్యులు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని చెంచయ్య అందరికీ గట్టిగా చెప్పాడు. శాస్త్రిగారికి విడిగా ఇంకో మాట చెప్పాడు.

"తమ గదిలో తాడు మరీ సున్నితమండి. మామూలు ఒంటికి దాని పనితనం అంతుపట్టదు. తమరే లాగి చూసి చెప్పాలి."

శాస్త్రిగారు నీలం తాడు లాగారు. కళ్లు మూసుకున్నారు. కాసేపటికి తల పంకించి, ఇప్పుడు గది దారిలో పడిందన్నారు.

ఆ రోజుతో ఫిర్యాదులు ఆగిపోయాయి. తర్కంవారు నీలం తాడు లాగి తృప్తిపడేవారు, ఆయన చూడనప్పుడు వ్యాకరణంవారు ఎర్ర తాడు లాగి తృప్తిపడేవారు. పరుగులు తప్పేసరికి చెంచయ్య మనుషులకు చివికిన తడికలు మార్చడానికీ, పంకాల కప్పీలకు నూనె పెట్టడానికీ తీరిక దొరికింది. గదులు నిజంగానే బాగుపడ్డాయి. అది మాత్రం ఎవరూ గమనించలేదు, అందరి కళ్లూ తాళ్ల మీదే ఉన్నాయి మరి.

ఉగాదికి రాజావారు పరివారంతో వచ్చారు. శాస్త్రిగారు ఇరుకున పడ్డారు. తాడు తన చేతిలోనే పెట్టుకుని ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? అందుకని రాగం మార్చారు. కాలేజీ ఇంత హాయిగా ఉండటానికి కారణం తన చెయ్యేననీ, చెంచయ్య చేసేదేమీ లేదనీ, ఉద్యోగం పక్కనే నిలబడ్డ బావమరిదికి ఇచ్చేయడమే న్యాయమనీ చెప్పి, తన గదిలోని నీలం తాడు లాగారు.

"చూశారా మహాప్రభూ, ఎలా చల్లబడిందో."

పరివారమంతా ఆహా అంది. రాజావారు సన్నగా వణికి ఉత్తరీయం భుజాల మీదికి లాక్కున్నారు.

చెంచయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అలాగే ఇప్పించండి ప్రభూ. అప్పగించే ముందు గోడ వెనక ఏముందో కొత్త ఉద్యోగికి చూపించాలి కదా. తమరూ దయచేయండి."

అందరూ గోడ వెనక్కి వెళ్లారు. అక్కడ నేలలో పాతిన ఒక గుంజ ఉంది. గుంజ చుట్టూ తిరిగిన ఒకే ఒక్క తాడు ఉంది, సగం ఎరుపు, సగం నీలం. ఎర్ర కొస లాగితే నీలం కొస కాస్త లోపలికి పోతుంది. అంతకుమించి అక్కడ జరిగేదేమీ లేదు. శాస్త్రిగారి నెత్తురు చుక్క లేని మొహం చూసి బావమరిది కూడా ఓ అడుగు దూరం జరిగాడు.

"మరి గది చల్లబడిందేం?" అన్నారు రాజావారు.

"అక్కడ తక్కువైంది చల్లదనం కాదు ప్రభూ, పెత్తనం. అది తలా ఒక మూర పంచాను."

రాజావారు పగలబడి నవ్వారు. పరివారమూ నవ్వింది. అంతలో ఆయన నవ్వు టక్కున ఆగింది. చెంచయ్యను దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"మరి మా కొలువులో తాడో?"

"ఇక్కడి తాడు కొసన గుంజ ఉంది. అక్కడి తాడు కొసన నేనున్నాను ప్రభూ."

రెంటిలో ఏది మేలో రాజావారికి వెంటనే తేలలేదు. తేలాక మళ్లీ కడుపుబ్బా నవ్వి, చేతి కంకణం తీసి చెంచయ్యకు తొడిగారు. బావమరిదినీ నిరాశపరచలేదు. గుంజ కదలకుండా చూసుకునే ఉద్యోగం ఆ పూటే అతనికి ఇచ్చేశారు.