తెప్పలు పట్టిన నీటికుక్క

సముద్రం ఒడ్డున తెల్లమడ అనే అడవి ఉండేది. జింకలు, కోతులు, పీతలు, కొంగలు, నీటికుక్కలు అందులో కాపురం ఉండేవి. వాటన్నిటికీ రాజు ఎలుగుబంటి గుబురయ్య. సముద్రపు పాయ దాటితే తేనెకొండ అడవి. దానికి చిరుతపులి రాజు.

ఈ రెండు అడవుల మధ్యా సరుకు మోసేది మంగతాయి అనే తాబేలు. ఇటు నుంచి ఉప్పుగడ్డలు తీసుకెళ్ళేది. అటు నుంచి వెదురు బొంగుల్లో తేనె తెచ్చేది. సరుకంతా తెప్ప మీద పేర్చి, తాడు నోట కరుచుకుని, ఈదుతూ లాగేది. ఆ తెప్పే ఆమెకు బతుకుతెరువు. అది పోతే మంగతాయి వీధిన పడ్డట్టే.

ఒక ఏడు వరద తగ్గాక పాయ మధ్యలో చిన్న ఇసుక తిన్నె తేలింది. దాని మీద గడ్డిపరక కూడా లేదు. అయినా "అది నాది" అన్నాడు గుబురయ్య. "కాదు, నాది" అన్నాడు చిరుత రాజు. మరుసటి వరదకు ఆ తిన్నె కాస్తా కొట్టుకుపోయింది. తిన్నె పోయింది గానీ తగువు పోలేదు! లేని తిన్నె కోసం ఇద్దరు రాజులూ యుద్ధం అన్నారు. ఏం చెప్పమంటారు పిల్లలూ?

గుబురయ్యకు యుద్ధం కావాలి, కానీ ఒళ్ళు మాత్రం తడవకూడదు. అందుకని నీటికుక్క బుడుంగన్నను పిలిపించాడు. బుడుంగన్న తన తమ్ముళ్ళతో కలిసి చేపలు పట్టుకుని బతికేవాడు.

"శత్రువు తెప్ప ఏది కనబడినా పట్టుకో. రాజుగా నేను అనుమతి ఇస్తున్నాను. దొరికినదాంట్లో సగం నీది, సగం నాది," అన్నాడు గుబురయ్య.

"అది శత్రువుదో కాదో ఎవరు తేలుస్తారు ప్రభూ?"

"జపాలయ్య తేలుస్తాడు."

జపాలయ్య అంటే కొంగ. బురదగట్టు మీద ఒంటికాలిపై నిలబడి, కళ్ళు మూసుకుని తీర్పులు చెప్పేవాడు. పట్టిన సరుకు శత్రువుదని తేలితే అందులో ఆయనకూ కొంచెం ముట్టేది. కాదని తేలితే ఏమీ ముట్టదు. ఇంక ఆ తీర్పులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

మొదట్లో తేనెకొండవాళ్ళ తెప్పలే చిక్కాయి. గుబురయ్య మూతి ఎప్పుడు చూసినా తేనెతో జిగటగా ఉండేది. కొన్నాళ్ళకు తేనెకొండవాళ్ళు భయపడి తెప్పలు దింపడం మానేశారు. బుడుంగన్నకు పని లేకుండా పోయింది. పోనీ, మళ్ళీ చేపలు పట్టుకోవచ్చు కదా? ఊహూఁ! ఊరికే వచ్చిన తేనె నాకడం మరిగాక చేపల వెంట పరుగెత్తడానికి ఒళ్ళు వంగుతుందా?

ఒక పొద్దున మంగతాయి తేనె తెస్తోంది. తెప్ప చుట్టూ నున్నటి తలలు తేలాయి.

"ఆగు అత్తా! ఇది శత్రువు సరుకు," అన్నాడు బుడుంగన్న.

మంగతాయి నోట్లోని తాడు వదిలేసింది. "నీకేమైనా కళ్ళు పోయాయా? నేను మంగతాయినిరా! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు తేనె తెచ్చిపెట్టింది నేనే."

"నువ్వు మనదానివే అత్తా, కాదనను. తేనే మనది కాదు. ఆ పువ్వులు వాళ్ళ కొండ మీద పూశాయి."

జపాలయ్య కళ్ళు తెరవకుండానే "శత్రువు సరుకే" అన్నాడు. తేనె పోయింది.

ఈసారి మంగతాయి తెల్లమడ ఉప్పు వేసుకుని బయలుదేరింది. అదైతే సొంత అడవి ఉప్పే కదా! "శత్రువు తినబోయే ఉప్పు," అన్నాడు బుడుంగన్న. ఉప్పూ పోయింది. విసిగిపోయి ఆ తర్వాత ఖాళీ తెప్ప లాక్కుని వెళ్ళింది. "ఖాళీగా పోతోందంటే శత్రువు దగ్గర నింపుకోవడానికేగా! ఇంకోసారి కనబడితే తెప్పే పట్టేస్తాం అత్తా," అన్నాడు. పట్టేది వాడు, పైగా అత్తా అని వరస ఒకటి!

మంగతాయికి ఒళ్ళు మండిపోయింది. నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి నెత్తీ నోరూ బాదుకుంది.

"యుద్ధకాలం మంగతాయీ. కాస్త ఓర్చుకోవాలి," అన్నాడు గుబురయ్య, వేళ్ళు నాకుతూ.

"ఓర్చుకోవడానికి నా దగ్గర ఇంకేం మిగిలింది ప్రభూ?"

"ఈ తేనె మాత్రం భలేగా ఉంది సుమా," అన్నాడు రాజు.

అది ఎవరి తేనో మంగతాయికి వాసన చూస్తేనే తెలిసిపోయింది. పళ్ళు నూరుకుంటూ వచ్చేసింది, తాబేలుకు పళ్ళు లేకపోయినా సరే.

ఆ తర్వాత పాయ మీద ఒక్క తెప్పా తిరగలేదు. తెల్లమడలో తేనె లేదు, తేనెకొండలో ఉప్పు లేదు. గుబురయ్య నాలుక పీకసాగింది. చివరికి ఇద్దరు రాజులూ కాకులతో కబురంపుకుని రాజీ పడ్డారు. చిరుత రాజు విందుకు రమ్మన్నాడు. గుబురయ్య మంగతాయిని తెప్ప సిద్ధం చెయ్యమన్నాడు.

"ముందు బుడుంగన్నను పిలిచి, నలుగురి ముందూ ఆ అనుమతి వెనక్కి తీసుకోండి ప్రభూ," అంది మంగతాయి.

"కాకితో చెప్పించాను. నా మాట కాదంటాడా? నాకు నేర్పుతున్నావా నువ్వు?" అని గుర్రుమన్నాడు రాజు.

అంత పెద్ద ఎలుగుబంటితో తాబేలు ఏం వాదిస్తుంది? తాడు కరుచుకుంది.

విందు అయింది. గుబురయ్య పొట్ట పగిలేలా తిని, చిరుత రాజు ఇచ్చిన తేనె బొంగుల మధ్య పడుకున్నాడు. ఎండ తగలకుండా తాటాకులు కప్పుకుని నిద్రపోయాడు. పాయ సగం దాటారో లేదో, మళ్ళీ అవే నున్నటి తలలు.

"ఆగు అత్తా!"

"ఒరేయ్, యుద్ధం అయిపోయిందిరా! కాకి చెప్పలేదూ?"

"చెప్పింది. యుద్ధం అయిపోతే మా ఆకలి కూడా అయిపోతుందా?"

"ఆకుల కింద ఎవరున్నారో ముందు చూసుకో!"

"ఎవరుంటే నాకేం? జపాలయ్య తేలుస్తాడు."

మంగతాయి వద్దు వద్దంటూనే ఉంది. నీటికుక్కలు తాడు లాక్కుని తెప్పను ఆలిచిప్పల రాళ్ళ మీదుగా జపాలయ్య ఉండే బురదగట్టుకు ఈడ్చుకెళ్ళాయి. కట్లు పుటుక్కున తెగాయి. బొంగులు పగిలాయి. తేనె అంతా బురదలోకి కారింది. మంగతాయి కళ్ళ ముందే ఆమె తెప్ప ముక్కలు ముక్కలైంది. తాటాకులతో సహా బురదలోకి జారినా గుబురయ్యకు విందు మత్తు వదల్లేదు.

జపాలయ్య కళ్ళు మూసుకునే ముక్కుతో తాటాకుల్ని తడిమాడు. "శత్రువు సరుకే. ఈ మెత్తటి మూట నాకు," అన్నాడు.

మూట లేచి నిలబడింది.

జపాలయ్య కళ్ళు తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే ఎగిరిపోయాడు. గుబురయ్య బుడుంగన్న మెడ దొరకబుచ్చుకున్నాడు.

"నీకు అనుమతి ఇచ్చింది నేను! నన్నే పడతావా?"

"మీరే పట్టమన్నారు ప్రభూ! పట్టడం అలవాటైపోయింది. ఇప్పుడు మాకు ఇంకో పని చేతకావడం లేదు," అన్నాడు బుడుంగన్న.

గుబురయ్య బురదకేసి చూశాడు. "నా తేనె! అయ్యో, నా తేనె మొత్తం పోయిందే!" అని గొల్లుమన్నాడు.

ఇంక మంగతాయి ఊరుకోలేకపోయింది. "మీ తేనె పోతే ఏడుపొచ్చిందా ప్రభూ? ఇన్నాళ్ళూ మీరు తిన్నది నా తేనె. అప్పుడు నేను ఏడిస్తే మీకు వినబడలేదేం?"

రాజు బుడుంగన్న మెడ వదిలేసి తల దించుకున్నాడు.

ఆ సాయంత్రమే గుబురయ్య అడవినంతా పిలిచి అనుమతి రద్దు చేశాడు. తర్వాత తనే వెళ్ళి వెదుళ్ళు నరికాడు. బుడుంగన్న, తమ్ముళ్ళు వాటిని మోసుకొచ్చారు. రాజు తన మొద్దు గోళ్ళతో కొత్త తెప్పకు కట్లు కట్టాడు. మంగతాయి పక్కనే కూర్చుని ఒక్కో ముడీ లాగి చూసింది.

"ఇది ఊడిపోతుంది ప్రభూ. విప్పి మళ్ళీ కట్టండి."

"మళ్ళీనా మంగతాయీ?"

"మళ్ళీనే. కాస్త ఓర్చుకోవాలి."

రాజు ముడి విప్పాడు.

నీతి: పొరుగువాణ్ణి దోచుకోమని దొంగకు అనుమతి ఇచ్చినవాడు, తన ఇంటి తలుపు కూడా తనే తీసి పెట్టినట్టు.