పైడమ్మ వాన కాపురం

అనగనగా అన్నానని రాజుల కాలం అనుకునేరు. లిఫ్టులు వచ్చాక జరిగిన సంగతే ఇది. కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఒక మహానగరం ఉండేది. ఆ నగరంలో సింహాచలం అనే తాపీ మేస్త్రి ఉండేవాడు. తాపీ పట్టిన చేత్తోనే పైకొచ్చి, మేడలు కట్టి ఇళ్ళు అమ్మే కంపెనీ పెట్టాడు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మేస్త్రి దానికి ఇంకో ముక్క కలిపాడు. కట్టి చూస్తే చాలదు, ఉండి చూడాలన్నాడు. అందుకని మేడ పూర్తయిన వెంటనే అమ్మేవాడు కాదు. అన్నిటికన్నా కింది ఇంట్లో చాపా చెంబూ పెట్టుకుని, తొలకరి నుంచి దీపావళి దాకా తనే కాపురం ఉండేవాడు. గోడ చెమ్మగిల్లితే గోడ పగలగొట్టించేవాడు. కప్పు కారితే తనే పైకెక్కి పూత పూసేవాడు. దాన్ని అందరూ వాన కాపురం అనేవారు.

"ఎండాకాలంలో పెతీ ఇల్లూ బంగారమేరా. దాని గుణం వానని అడగాల" అనేవాడు మేస్త్రి.

మోకాళ్ళు మొరాయించాక ఆ పని కూతురు పైడమ్మకి అప్పజెప్పాడు. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి ఆమె. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే లోపల తడి ఎక్కడుందో చెప్పేసేది. మేస్త్రి కన్ను మూశాక కంపెనీ కొడుకు రామినాయుడి చేతికి వచ్చింది. వాన కాపురం మాత్రం పైడమ్మకే మిగిలింది. ఇల్లు కొనేవాళ్ళు కాగితాలు తరవాత అడిగేవారు. ముందు అడిగేది ఒక్కటే: "పైడమ్మ గారు వాన కాపురం చేశారా?"

రామినాయుడు మొదటి మేడ కట్టాడు. పైడమ్మ కింది ఇంట్లో దిగింది. శ్రావణంలో ఉత్తరపు గోడ చెమ్మగిల్లింది.

"గోడ విప్పాల అన్నయ్యా" అంది.

రామినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. అయినా తండ్రి పోయి ఏడాదైనా కాలేదు, ఆయన మాట తీసెయ్యడానికి మొహం చెల్లలేదు. గోడ విప్పి మళ్ళీ కట్టాడు. కొన్నవాళ్ళు చల్లగా ఉన్నారు.

రెండో మేడ కట్టాడు. ఈసారి పైడమ్మ చాప చుట్టుకుంటుంటే అన్న ఎదురొచ్చాడు.

"చెల్లీ, వానకాలమంతా మేడని ఖాళీగా ఉంచుకుంటే అవతలివాడు రెండు మేడలు అమ్మేస్తన్నాడు. పది రోజులుండు చాలు. అడిగినవాళ్ళకి కాపురం చేశానని చెప్పు. నువ్వడిగింది ఎప్పుడేనా కాదన్నానా?"

కాదనలేదు. నిజమే. మొగుడు పోయిన రోజున ఆమెను బండిలో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చింది ఈ అన్నే. ఆమె కంచంలో ముందు వడ్డించాకే తన కంచం ముందు కూర్చునేవాడు. అలాంటి అన్న అడిగాడు, పైడమ్మ ఒప్పుకుంది. పది రోజులుంది. ఆ పది రోజులూ చుక్క రాలలేదు. కొనడానికి వచ్చినవాళ్ళు అడిగితే తలూపింది. అంతే. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. తల ఊపితే అబద్ధం సగమే అవుతుందని ఎవరు చెప్పారో ఆమెకి!

ఆ ఏటి వానలకే ఆ మేడలో గోడలు బూజు పట్టాయి. కొన్నవాళ్ళు తిట్టుకుని, సున్నం కొట్టించుకుని ఊరుకున్నారు.

రామినాయుడికి ధైర్యం వచ్చింది. మూడో మేడకి గెడ్డని ఎంచుకున్నాడు. కొండ మీద కురిసిన నీటిని సముద్రంలోకి దించే వాగును అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. ఆ గెడ్డను ఒక సన్నటి తూములోకి దూర్చి, పైన మట్టి పోసి, పన్నెండంతస్తులు లేపాడు.

పైడమ్మ వెళ్ళి చూసింది. 

"అన్నయ్యా, ఇది నీళ్ళ దారి. ఇక్కడ మనుషుల్ని పెట్టకు."

"మేడ లేచేదాకా నాలుగేళ్ళు ఇందులో మేకలు మేశాయే పిచ్చిదానా! ఏవీ నీళ్ళు?"

"నాలుగేళ్ళూ కొండ మీద గట్టి వాన పడలేదు గనక లేవు. నేను ఇందులో వాన కాపురం చెయ్యను. చేశానని చెప్పను."

"చెయ్యొద్దులే. ఒక్కపూట వచ్చి పాలు పొంగించు. ఫోటో తీసుకుంటాం."

"అదీ చెయ్యను."

 రామినాయుడు ఇంటికెళ్ళి పైడమ్మ గళ్ళ చీర తన భార్యకి కట్టించాడు. ఆమెను పొయ్యి వైపు తిప్పి, పాలు పొంగిస్తుండగా వెనకనుంచి ఫోటో తీయించాడు. మర్నాటికి ఊరి కూడళ్ళన్నిటిలో పెద్ద పెద్ద బోర్డులు లేచాయి. "పైడమ్మ గారు వాన కాపురం చేసిన మేడ" అని రాసి, కింద వదిన గారి వీపు.

పైడమ్మ ఆ బోర్డు కింద నిలబడి ఏడ్చింది. ఏడుపు మేడని ఆపదు గనక కళ్ళు తుడుచుకుని బయల్దేరింది. అనుమతులిచ్చే ఆఫీసుకి వెళ్ళింది. కాగితాలు సరిగ్గానే ఉన్నాయమ్మా, మీ ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి అన్నారు. కులపెద్దల దగ్గరికి వెళ్ళింది. నీ వాటా ఎంతో చెప్పమ్మా, అన్నతో మాట్లాడతాం అన్నారు. ఆడపిల్ల నోరు తెరిస్తే ఆస్తికోసమే అని లోకం ఏనాడో తీర్మానించుకుంది.

చివరికి చేపల బజారుకి వెళ్ళింది. అక్కడ నూకాలమ్మ అనే ఆవిడ ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడ మొగుడు పక్షవాతంతో మంచాన ఉన్నాడు. మెట్లెక్కే పని ఉండదని ఆ మేడలో కింది ఇల్లు తీసుకుంది. ఇంకా గృహప్రవేశం కాలేదు.

"అమ్మా, ఆ ఇంట్లోకి వెళ్ళకు. నేను అందులో ఒక్క పూటైనా లేను. ఆ ఫోటోలో ఉన్నది నేను కాదు" అంది పైడమ్మ.

నూకాలమ్మ చేతిలో చేపలు గంపలో పడేసి ఆమెను ఎగాదిగా చూసింది.

"మా అప్ప కూతురు మీ రెండో మేడలో ఉన్నాది. గోడలు నానిపోనాయి. నువ్వు వానంతా కాపరమున్నావని తలూపితేనే అది కొన్నాది. నిజం సెప్పు తల్లీ, ఉన్నావా?"

పైడమ్మ తల దించుకుంది. "పది రోజులున్నాను."

"సూసినావా! అప్పుడు ఉన్నానన్నావు, లేవు. ఇప్పుడు లేనంటన్నావు, ఉన్నావేమో నాకేటి తెలుసు? అన్నాసెల్లెళ్ళ తగువు మజ్జిన నన్ను లాగకమ్మా. ఇరవయ్యేళ్ళు ఈ గంప మోసి కొనుక్కున్న ఇల్లది."

వారం తిరక్కుండా నూకాలమ్మ ఆ ఇంట్లో పాలు పొంగించింది. 

ఆశ్వయుజంలో తుఫాను వచ్చింది. రెండు రోజులు కొండ మీద కుండపోత. మూడో రోజు మిట్టమధ్యాహ్నం తూము పగిలింది. గెడ్డ తన దారిన తను వచ్చింది. పై అంతస్తులవాళ్ళు బాల్కనీల్లో నిలబడి అరిచారు. కింది ఇళ్ళవాళ్ళు చేతికందిన పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కారు. నూకాలమ్మ అప్పుడు బజారులో తడిసిన సరుకు ఎత్తుకుంటోంది. మెట్లెక్కే పని లేదని కొన్న ఇంట్లో, మెట్లెక్కలేని ఆమె మొగుడు మంచం మీదే పోయాడు.

విచారణ పెట్టారు. దానికి ముందురోజు రామినాయుడు చెల్లెలి దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ఒక్క మాట చెల్లీ. వానకాలమంతా ఉన్నానని, అప్పుడు నీళ్ళు చూడలేదని చెప్పు. దైవికం అని వదిలేస్తారు. లేకపోతే నన్ను జైల్లో పెడతారే."

 తనకి ముందు వడ్డించిన చేతులే అవి. పైడమ్మ వాటిని మెల్లగా విడిపించుకుంది.

మర్నాడు నిండు సభలో నిలబడింది.

"ఆ మేడలో నేను కాపురం చెయ్యలేదు. అంతకు ముందు మేడలో చేశానన్నది అబద్ధం. తల ఊపింది నేనే. నా తప్పు కూడా రాసుకోండి" అంది.

తన తప్పుతో మొదలుపెట్టింది గనక ఈసారి అందరూ నమ్మారు. రామినాయుడు జైలుకి వెళ్ళాడు. మేస్త్రి పెట్టిన కంపెనీకి తాళం పడింది. రెండో మేడవాళ్ళు పైడమ్మని కూడా కోర్టుకి ఈడ్చారు. విచారణాధికారి మాత్రం మెచ్చుకున్నాడు. "మీలాంటి నిజాయితీపరులు ఉండబట్టే న్యాయం నిలబడిందమ్మా" అన్నాడు.

వెనక బల్ల మీదనుంచి నూకాలమ్మ లేచింది. ఆమె కళ్ళలో కోపం కూడా మిగల్లేదు.

"ఇప్పుడు నమ్మినానమ్మా" అంది. "మా ఆయనకి కూడా సెప్పు, నమ్ముతాడేమో."

 నూకాలమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

నీతి: అబద్ధానికి ఒక్కసారి కాపలా కాసిన మనిషి, తరవాత నిజం కోసం ఎంత మొత్తుకున్నా ఊరు వేళకి తలుపు తియ్యదు.