కనబడలేదు

తెల్లవారుజామున నాలుగూ పదికి, పలమనేరులో రత్నస్వామి గారి పెరట్లో, ఫ్లాస్కులోంచి గ్లాసులోకి టీ వంచుతూ హేమలత అడిగింది.

"సార్, గురువు కన్ను ఒకటి చెప్పి, శిష్యురాలి కన్ను ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి?"

ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆయనకో అలవాటుంది. ఏం చూడబోయినా ముందు హంస మండలంలోని జంట నక్షత్రం వైపు టెలిస్కోపు తిప్పి రంగులు చెప్పమంటారు.

"ఒకటి పసుపు, ఒకటి నీలం," అంది హేమలత.

"ఈమధ్య నాకు రెండూ పసుపే," అన్నారాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆమె తన కంటినే అనుమానించింది.

తర్వాత టెలిస్కోపు తూర్పుకు దించింది. అక్కడ ఒక మసక మరక. నిన్న తను చూసిన చోటు నుంచి కాస్త జరిగింది. నక్షత్రపటంలో ఆ చోట ఏమీ లేదు. కొత్త తోకచుక్కే అయితే, ఖగోళ సంస్థకు మొదట కబురు పంపినవాళ్ల పేరే దానికి పెడతారు. పోస్టాఫీసులో ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల పేర్ల మీద ముద్రలు కొట్టిన హేమలత కబురు కింద తన పేరు రాసి పెట్టుకుంది. కబురు ఫోనులో సిద్ధంగా ఉంది. నొక్కడమే తరువాయి.

"త్వరగా చూడండి సార్, తెల్లారిపోతోంది!"

ఆయన వంగి చాలాసేపు చూశారు. పక్కింటి కోడి కూసింది. గోడ అవతల ఆకాశం బూడిదరంగుకు తిరుగుతోంది.

"కనబడలేదు."

"బాగా చూశారా?"

"నా కంటికి చేతనైనంత చూశాను. ఫోను నీ చేతిలో ఉంది."

పంపి, కాదని తేలితే నలుగురిలో నవ్వులపాలు. ఆమె కబురు చెరిపేసింది. ఇద్దరూ చల్లారిన టీ తాగారు.

వారం తిరక్కుండానే వార్త వచ్చింది. అదే చోట, అదే మరక. చిలీ దేశంలో ఒక బడిపంతులు చూశాడట, పేరు కూడా అతనిదే పెట్టారు. హేమలత పరుగున వచ్చింది. రత్నస్వామి గారు కంటికి పచ్చగుడ్డ కట్టుకుని వాలుకుర్చీలో ఉన్నారు.

"శుక్లం తీశారమ్మా. అది ముదిరితే ముందు నీలం రంగే మసకబారుతుందట. డాక్టరు చెప్పాడు."

ఆమెకు దుఃఖం ఆగలేదు.

"మీరు లేదన్నారనే కదా సార్, నేను వదిలేసింది!"

"నేను 'కనబడలేదు' అన్నాను," అన్నారాయన. "నువ్వు చివరి రెండక్షరాలే విన్నావు."