గుటుక్కుకు పెట్టిన కొత్త పేరు

కొండ మలుపులో ఆ బండ మీద ఏం చూశావో చెప్పు. గీతలేనా? అయితే సగమే చూశావు. అది అడవి పటం. ఎండాకాలంలో కొండ అవతలి మందలు నీళ్లకోసం వస్తాయి. వాటికి దారి తెలియాలని జంతువులన్నీ కలిసి గీసుకున్నాయి. ఎలుగు ఎర్రమట్టి తవ్వి తెచ్చింది. తోక కుంచెలా ఉందని రాసే పని నక్కకిచ్చాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎర్రకొమ్ము అనే బర్రె పక్కనే నిలబడి వింతగా చూస్తోంది. నక్క పటంలో ఒక బురదగుంట బొమ్మ పక్కన ‘నక్కలరేవు’ అని రాసింది.

"అదేంటి బావా! కప్పలు దాన్ని గుటుక్కు అంటాయి కదా?"

"అది కప్పల మాట. పటంలో రాస్తే చదివేవాళ్లు నవ్వరూ?"

ఆ గుంటలోనే పుట్టి పెరిగిన ముసలికప్ప గుంటవ్వ ఒక్క గెంతులో బండెక్కింది. "నవ్వనీరా! ఒడ్డున నిలబడి నవ్వుతారు, మునిగిపోరు. అది రేవు కాదు, ఊబి. మేం గుటుక్కు అంటాం, బర్రెలు కాలుతియ్యి అంటాయి. రెండూ రాయి. వచ్చే మందల్లో దూడలుంటాయి."

"ఒక్క గుంటకు ఇన్ని పేర్లా? ఇదేమన్నా పెళ్లిపత్రికా? కుంచె నాది, పేరు నా ఇష్టం" అని నక్క వెళ్లిపోయింది.

బర్రెకు అనుమానం తీరలేదు. "నిజమే అవ్వా, ఒకే బురదకు ఇన్ని పేర్లెందుకు?"

"దిగబడ్డవాళ్లంతా ఎవరి మాటలో వాళ్లు అరిచారు కాబట్టి" అని అవ్వ గుంటకు తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే బర్రె మేస్తుంటే దూరం నుంచి కేక. "చచ్చానురోయ్! నక్కలరేవులో దిగబడ్డాను! రండ్రోయ్!"

నిన్న పటంలో చూసిన పేరు ఆ కంగారులో గుర్తు రాక, రేవంటే ఏటి రేవే అనుకుంది బర్రె. అటే పరుగెత్తింది. ఏట్లో కొంగలు తప్ప ఎవరూ లేరు. కేక సన్నబడుతోంది. నక్కలరేవు ఎక్కడుందో ఆ కొంగలకూ తెలీదు.

అంతలో గొంతు చించుకుని ఇంకో కేక. "గుటుక్కు! గుటుక్కులో ఉన్నానే తల్లీ! కాలుతియ్యిలో!"

బర్రె గిర్రున తిరిగింది. వెళ్లి చూస్తే, కొత్త పేరుకు గుర్తుగా కర్ర పాతబోయిన నక్క మెడదాకా బురదలో ఉంది. తుంగ మీద గుంటవ్వ కూర్చుని ఉంది.

"ఎంతసేపూ తన పేరే అరుస్తాడు. అసలు పేరు నేను గుర్తుచేయాల్సి వచ్చింది" అంది అవ్వ.

బర్రె తోక అందించింది. నక్క పళ్లతో పట్టుకుంది. ఒక్క లాగుడుకు ఒడ్డున పడింది. బురద కారుతున్న తన తోకతోనే నక్క బండ మీద రెండు పేర్లూ రాసింది.

"కింద నీదీ రాసుకోరా, ‘నక్క అరిచిన గుంట’ అని. ఇప్పుడా హక్కు వచ్చింది నీకు" అంది వెంట వచ్చిన గుంటవ్వ.

నేలకు పేరు చెప్పాల్సింది కుంచె పట్టినవాడు కాదు, ఆ నేల మీద బతికినవాడు. మరి మీ ఊరి వాగుకు పటంలో ఉన్న పేరు ఎవర్నడిగి రాశారు?