వెలగలపాలెం అన్నదమ్ముల ఆటల వెబ్‌సైట్

వెలగలపాలెం కబడ్డీ జట్టు కెప్టెన్ నూకరత్నం జిల్లా జట్టుకు ఎందుకు ఎంపిక కాలేదని అడిగితే, ఊళ్ళో అందరూ ఒకే కథ చెబుతారు. ఆమె అన్నలు ఆటల వార్తల కోసం వెబ్‌సైట్ పెట్టారట. అలాంటి సైట్లు అప్పటికే వందల్లో ఉన్నాయట. ఆ రద్దీలో వీళ్ళ రాతలు ఎవరి కంటా పడలేదట. అందుకే సెలక్టర్ గారు రాలేదట. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ కథకు ఉన్న ఏకైక ఆధారం ఆ అన్నల మాట. ఎవరూ చదవని సైటు వల్ల ఒక ఫైనల్ ఎలా ఆగిపోయిందో మాత్రం ఇంతవరకు ఎవరూ వివరించలేదు.

అన్నలు ఇద్దరు. పెద్దవాడు గవర్రాజు, పేరు పెద్దిరాజైనా రెండోవాడు చిన్నవాడు. తమకున్న తెలివి ఊరంతా పంచినా ఇంకా మిగులుతుందని ఇద్దరికీ గట్టి నమ్మకం. చెప్పిన మాటను చెప్పినట్టు చేయడమే తెలివి అని వాళ్ళ సిద్ధాంతం.

"అన్నయ్యా, పేపరోళ్ళు మా ఆట గురించి ఒక్క ముక్క రాయరు," అంది రత్నం ఒకనాడు. "మీరు రాస్తే కాకినాడలో సెలక్టర్ గారు చదివి మా ఆట చూడ్డానికి వస్తారేమో. ఈ ఏడు తప్పితే నాకు వయసు దాటిపోద్ది."

"నువ్వు ఆడు చెల్లెమ్మా. రాత సంగతి మాకొదిలెయ్," అన్నాడు గవర్రాజు.

అలా 'నడిగీత' అనే సైటు పుట్టింది. పత్రికలో పనిచేసి రిటైరైన కామేశం గారిని సలహా అడిగారు. "ఇంటర్నెట్టులో ఆటల సైట్లు కిక్కిరిసి ఉన్నాయయ్యా. ముందు ఆ రద్దీ సంగతి చూసుకోండి," అన్నారాయన.

ఇంకేముంది, చూసుకున్నారు. సైటులోకి ఒక్కసారికి ఒక్కరే వచ్చేలా తాళం పెట్టించారు. మిగతావాళ్ళకు తెర మీద ఒకటే మాట: 'లోపల ఒకరు చదువుతున్నారు. వారు బయటికి వచ్చేవరకు ఆగగలరు.' లోపల ఉన్నది పెద్దిరాజు. కూడబలుక్కుని చదివే మనిషి. పొద్దున వెళ్ళినవాడు భోజనాల వేళకు కూడా బయటికి రాలేదు.

"ఒరే, జనం బయట నిలబడిపోయార్రా!"

"ఉండన్నయ్యా, భలే రాశావు. మళ్ళీ మొదట్నించీ చదువుతున్నా."

రత్నం వచ్చి నెత్తి కొట్టుకుని తాళం తీయించింది. తీయగానే జనం చదివారు. సెలక్టర్ గారే కామేశం గారికి ఫోన్ చేసి, "అమ్మాయి ఫైనల్‌కు చేరితే నేనే వస్తాను," అన్నారు. రద్దీ సిద్ధాంతానికి ఇది మొదటి చిక్కు.

సెమీఫైనల్ రోజున కామేశం గారు ఇంకో మాట చెప్పారు. "చెల్లెలు ఆడుతోందని అటు మొగ్గకండి. విలేకరి అనేవాడు అటూ ఇటూ కాకుండా ఉండాలి."

అంతే. గవర్రాజు కుర్చీ తెచ్చి, కోర్టులో సరిగ్గా నడిగీత మీద వేసుకుని కూర్చున్నాడు.

"లేవండి బాబూ!" అని అరిచాడు రిఫరీ.

"ఎటు లేవమంటారు? అటు లేస్తే వాళ్ళ మనిషినంటారు, ఇటు లేస్తే వీళ్ళ మనిషినంటారు."

కూతకు వచ్చిన అమ్మాయి కుర్చీకి తగిలి గవర్రాజు ఒళ్ళో పడింది. రిఫరీకి దిక్కు తోచలేదు. "అయ్యా, మిమ్మల్ని తాకింది. మీరు ఔట్!" అన్నాడు.

"ఆయ్, ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ," అంటూ గవర్రాజు బుద్ధిగా కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచాడు. రత్నం జట్టు ఎలాగోలా గెలిచింది.

ఇక ఫైనల్, ఆదివారం చింతలంక జట్టుతో. "వార్త అందరికంటే ముందు ఇచ్చినవాడే నిలబడతాడు," అన్నారు కామేశం గారు.

"ఆట అయ్యాక అందరూ రాసేస్తారు. మనం ముందెలా అవుతాం?" అన్నాడు పెద్దిరాజు.

"అయితే ముందు రోజే రాసేద్దాం."

"ఎవరు గెలిచారని?"

"చెల్లెలు ఇంట్లోనే ఉందిగా, అడుగు."

"మేమే గెలుస్తాం అన్నయ్యా," అంది రత్నం, సంగతేమిటో తెలియక.

అంతే. శనివారం పొద్దుటే వార్త వచ్చేసింది: 'ఫైనల్లో వెలగలపాలెం ఘనవిజయం. కన్నీళ్ళతో ఇంటిముఖం పట్టిన చింతలంక.'

ఇంకేముంది! తమకు చెప్పకుండా తేదీ మార్చి కప్పు కొట్టేశారని చింతలంక వాళ్ళు అలిగి బయల్దేరనే లేదు. ఫైనల్ అయిపోయిందనుకుని సెలక్టర్ గారు ప్రయాణం మానుకున్నారు. రానివాళ్ళు ఓడినట్టేనని కప్పు రత్నం చేతిలో పెట్టారు.

"చూశావా, మన వార్త అక్షరాలా నిజమైంది!" అని పొంగిపోయాడు గవర్రాజు.

"కప్పేం చేసుకోను అన్నయ్యా? నా ఆట ఎవరు చూశారు?" అంది రత్నం.

కామేశం గారు సెలక్టర్ గారిని బతిమాలారు. ఆయన మంచివాడు. "మార్చి మూడున ఫైనల్ మళ్ళీ ఆడించండి. ఆ సాయంత్రంతో మా ఎంపిక ముగుస్తుంది. ఎక్కడో, ఎన్నింటికో మీ సైటులో వేయండి, చూసుకుని వస్తాను," అన్నారు.

ఆ సంగతి అన్నదమ్ములకు చెప్పి, మండిపడుతూనే కామేశం గారు ఇంకో మాట అన్నారు. "ఇకమీదట జరగనిది రాశారంటే ఊరుకోను! కళ్ళారా చూశాకే రాయండి!" ఇద్దరూ చెంపలేసుకున్నారు.

కామేశం గారు స్వయంగా వెళ్ళి బతిమాలితే చింతలంక వాళ్ళు అలక మాని వచ్చారు. ఆట జరిగింది. రత్నం ఒకే కూతలో ముగ్గురిని తాకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ముందు వరసలోని ఖాళీ కుర్చీ వైపు చూసింది. అన్నదమ్ములు మాత్రం రెప్ప వేయకుండా చివరిదాకా చూసి, ఆట నిజంగానే జరిగిందని రూఢి చేసుకున్నారు.

రద్దీని తప్పుపట్టేవాళ్ళు ఒక్కసారి 'నడిగీత' తెరిచి చూస్తే చాలు. ఆ ప్రకటన ఇప్పటికీ అక్కడే ఉంది: 'కబడ్డీ ఫైనల్ మార్చి 3, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు, హైస్కూలు మైదానంలో. సెలక్టర్ గారు తప్పక విచ్చేయగలరు.' దాని కింద, సైటులో వేసిన తేదీ: 2019 మార్చి 4, సోమవారం.