సన్యాసమ్మ చెంబు నీళ్లు

అనగనగా, లారీలు కొండెక్కడం ఇంకా నేర్చుకుంటున్న కాలం. ఆ కొండ కింద సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, గౌరేసు. గౌరేసుకి ఒక పాత లారీ. ఆ లారీ ముందు భాగం ఎడమకి ఒరుగు.

ఒరిగితే ఒరిగిందిలే అనడానికి లేదు. కొండ దిగేటప్పుడు లోయ ఎడమ పక్కనే. మలుపు మలుపుకీ లారీ లోయలోకి తొంగి చూసేది. కొడుకు ఇల్లు చేరేదాకా సన్యాసమ్మకి ముద్ద దిగేది కాదు.

చక్రాల మీద బరువు మోసే ఇనప పట్టీలే కమాను కట్టలు. అవి సరిచెయ్యాలంటే ఆ చుట్టుపక్కల దాలయ్య మేస్త్రీయే. వాళ్ల తాత ఎడ్లబళ్లకి ఇరుసులు బిగించిన చోటే లారీ నిలబెట్టాలి. ముక్కు కొండదేవత వైపే ఉండాలి. అంగుళం జరిపితే అరిష్టమట. దాలయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి బంపరు చూసేవాడు. సమంగా కనబడితే పని అయినట్టే.

మొదటిసారి దాలయ్య ఒక కన్ను మూశాడు. కట్టలు విప్పాడు, బిగించాడు. "సమంగా ఉంది, పో." రోడ్డెక్కగానే లారీ ఎడమకి ఒరిగింది.

రెండోసారీ కన్ను మూశాడు. "సమంగానే ఉందిరా. సరుకు ఓ పక్కకి సర్దుంటావు, పో." రోడ్డెక్కగానే లారీ ఎడమకి ఒరిగింది. ఆ పూట ఒక మలుపులో ఎడమ చక్రం అంచు దాటింది. లోయలో రాళ్లు పడ్డ చప్పుడు గౌరేసు విన్నాడు. ఇంట్లో చెప్పలేదు. వాడు ముద్ద ముట్టకుండా లేవడం తల్లే చూసింది.

మూడోసారి ఆవిడే కూడా వచ్చింది. చేతిలో కొడుకు దాహానికి చెంబెడు నీళ్లు.

దాలయ్య కన్ను మూశాడు. "సమంగా ఉందప్పా." ఆ వైపు అక్కని అప్ప అంటారు.

"రోడ్డు మీద ఒరుగుతోంది కదరా తమ్ముడూ!"

"ఈ షెడ్డు నుంచి పోయిన బళ్లన్నీ కాస్త ఒరుగుతాయి. కొండ గాలి."

"గాలి లారీనే ఒరగదోస్తే, నీ తలపాగా ఎందుకెగరదు?"

"కట్టల సంగతి నీకేటి తెలుసప్పా?"

"నాకు కట్టలు తెలవ్వు. కొడుకు తెలుసు. వాడు రేపు కొండ దిగాల!"

ఇక ఓపిక లేదు ఆవిడకి. చెంబు ఎత్తింది. "నీ మొహానే కొట్టాల్సింది. తమ్ముడని పిలిచి చచ్చాను!" అని నీళ్లు నేలకేసి కొట్టింది.

నీళ్లు లారీ ముక్కు కింద పడ్డాయి. ఒక్క చుక్క నిలవలేదు. గబగబా కుడి చక్రం వైపు పారాయి.

దాలయ్య రెండో కన్ను తెరిచాడు.

నేలే కుడికి వాలు. తాతల నాటి నుంచీ వాలే. అక్కడ సమంగా నిలిచిన బండి చదును రోడ్డు మీద ఎడమకి కాక ఎటు ఒరుగుతుంది?

దాలయ్య కొండదేవతకి దణ్ణం పెట్టి, లారీని చదును నేల మీదికి తెప్పించాడు. ఎడమ కట్టకి ఒక పట్టీ చేర్చాడు. మర్నాడు గౌరేసు నిటారుగా దిగొచ్చాడు. సన్యాసమ్మ కడుపు నిండా తింది.

ఆవిడ పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. ఆ దారిలో మాత్రం ఇప్పటికీ, కట్టల పని మొదలెట్టే ముందు నేల మీద చెంబెడు నీళ్లు పోస్తారు.

నీళ్లు పారితే, "అప్ప తిడతన్నాది, బండి జరపండి" అంటారు.

నిలిస్తే, "అప్ప అన్నం తింటన్నాది" అంటారు.