దూది గూట్లో ఎర్రమరక

అచ్చమాంబగారిని ప్రశ్న అడగాలంటే ఆశ్రమంలో అందరికీ జంకే. ఆవిడ నోటితో జవాబు చెప్పరు. ఏదో ఒక పని అప్పజెప్పి, అందులో వెతుక్కోమంటారు. అందుకే మదనపల్లె పక్కనున్న ఆ చిన్న ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువ, చిమ్మిన వాకిళ్ళు ఎక్కువ.

నరహరికి ఇదింకా తెలియదు. బ్యాంకు ఉద్యోగం మానేసి కొత్తగా చేరినవాడు. "అమ్మా, మనసులో అలజడి లేకుండా ఉండే ఉపాయం చెప్పండి" అని అడిగాడు. "కుందేలు సంగతి నువ్వు చూసుకో నాయనా" అన్నారావిడ. బదిలీ మీద ఊరొదిలి వెళ్తూ ఎవరో ఇచ్చిపోయిన తెల్ల ఆడ కుందేలది. పేరు దూది.

కొన్నాళ్ళకి ఒక ఉదయం గూట్లో గడ్డి మీద ఎర్రటి మరక కనిపించింది. నరహరికి భయమేసింది. అంతలో, రాత్రి తాను బీట్‌రూట్ ఆకులు వేసిన సంగతి గుర్తొచ్చింది. అవి తింటే కుందేలు మూత్రం ఎర్రగా వస్తుందని ఎక్కడో విన్నాడు. విన్నది నిజమే. అయినా లోపల ఏదో పీకుతూనే ఉంది. పైపైన గడ్డి మార్చి, వెళ్ళి ధ్యానంలో కూర్చున్నాడు. కాసేపటికి ఆ పీకుడు పోయింది. అంత బాగా మనసు నిలిచిన రోజు ఇంకొకటి లేదని మురిసిపోయాడు కూడా, పిచ్చివాడు.

మర్నాడూ మరక కనిపించింది. ఈసారి అచ్చమాంబగారికి నవ్వుతూ చెప్పాడు, అంతా బీట్‌రూట్ ఆకుల మహిమేనని. ఆవిడ కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి గూటి దగ్గరికి దాదాపు పరుగెత్తారు. దూది ఓ పక్కకి ముడుచుకుని, కళ్ళు సగం మూసి, నొప్పికి పళ్ళు నూరుతోంది. ఆవిడ తెల్లగుడ్డ ఒకటి తెప్పించి తోక కింద అద్దారు. గుడ్డకి అంటింది మూత్రం కాదు, చిక్కటి నెత్తురు. గడ్డి పక్కకి తోసి చూస్తే, గూటి మూలన బీట్‌రూట్ ఆకులు వాడిపోయి కుప్పగా పడున్నాయి. ఒక్కదాని మీదా పంటిగాటు లేదు.

"ఆకులన్నీ ఇక్కడే ఉన్నాయే" అన్నారావిడ.

పసుపు అద్దుదామని ఎవరో అంటే వద్దన్నారు. బుట్టలో తువ్వాలు పరిచి దూదిని పడుకోబెట్టారు. డాక్టరుకి చూపించాలని మరకపడ్డ గడ్డిని కూడా కవర్లో వేయించారు. ఆటోలో ఆవిడకి ఒకచోట కుదురు లేదు. మాటిమాటికీ బుట్టలోకి తొంగి చూస్తున్నారు, డ్రైవరుని తొందరపెడుతున్నారు. ఏళ్ళ తరబడి ధ్యానం నేర్పిన మనిషి ఇలా అయిపోవడం నరహరికి వింతగా తోచింది.

"మీరే ఇంత కంగారుపడితే ఎలాగమ్మా?" అన్నాడు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పడమంటావు?" అన్నారావిడ.

పట్నంలో పశువుల డాక్టరమ్మ దూది పొట్ట తడిమి, స్కాన్ తీసింది. "కుందేళ్ళకి నెలసరి ఉండదమ్మా. ఈ దారిన రక్తం కనబడిందంటే ఏదో జబ్బున్నట్టే. గర్భసంచిలో గడ్డ ఉంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఇవి ప్రాణం మీదికి వచ్చేదాకా నొప్పి బయటపెట్టవు. నిన్న తెచ్చుంటే బతుకుతుందని ధైర్యంగా చెప్పేదాన్ని" అని, దూదిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

నరహరి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. కూర్చోబోయి లేచాడు. తలుపు సందులోంచి ఏమైనా వినబడుతుందేమోనని చెవి ఒగ్గాడు. ఏమీ వినబడలేదు. ఇక ఉండబట్టలేక అచ్చమాంబగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నిన్న చూడగానే నాకు భయమేసిందమ్మా. ధ్యానంలో కూర్చుని పోగొట్టుకున్నాను."

ఆవిడ చూపు మూసిన తలుపు మీదే ఉంది.

"నువ్వడిగిన ఉపాయం నిన్న నీకు దొరికింది నాయనా. అందుకే ఒక రోజు ఆలస్యంగా వచ్చాం."